వన్ బై ఎయిట్ డెమీ

బీరువాలోంచి నాలుగు తెలుగు పుస్తకాలు తీసి స్కేలు పెట్టి కొలవండి. కథల సంపుటి కావచ్చు, కవిత్వం కావచ్చు, ఎవరిదో ఆత్మకథ కావచ్చు. ఈ ముప్పై నలభై ఏళ్లలో అచ్చయిందైతే వెడల్పు 5.5 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలు ఉండటానికే ఎక్కువ అవకాశం. కటింగ్ మిషన్ కత్తి కాస్త లోపలికి పడితే ఒక నూలు తగ్గుతుంది, అంతే తేడా. ప్రెస్సుల్లో దీన్ని వన్ బై ఎయిట్ డెమీ అంటారు. విజయవాడ గవర్నర్‌పేటలో డిటిపి చేస్తూ నేను కట్టిన పేజీల్లో చాలా భాగం ఈ సైజువే. ఇంతమంది చేతుల్లో రోజూ మెదిలే ఈ కొలత ఎక్కణ్ణుంచి వచ్చింది, కంప్యూటర్లు వచ్చిన కొత్తలో దీన్ని కాగితం మీదికి దించడానికి ఎందుకన్ని అవస్థలు పడ్డాం అన్నది పనిచేసినవాళ్ల నోళ్లలోనే ఉండిపోయింది. ఆ నోళ్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. అందుకే రాస్తున్నాను.

మా నాన్న లెటర్‌ప్రెస్‌లో ఫోర్‌మన్. ఎవరు ఏ పుస్తకం తెచ్చినా ఆయన మొదట అడిగేది కాగితం ఏ షీటు కొన్నారని. పేజీలెన్ని, అట్ట ఏ రంగు అన్నవి తర్వాత. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాక నాకూ అదే చెప్పేవాడు: "అమ్మాయ్, ముందు షీటు సంగతి తేల్చుకో. పేజీ ఎంతుండాలో అదే చెబుతుంది."

ఆ లెక్క చూస్తే నాన్న మాట అర్థమవుతుంది. పుస్తకాల కాగితం ఎక్కువగా దొరికేది డబుల్ డెమీ షీటుగా, 23 × 36 అంగుళాలు. దాన్ని మధ్యకు కోస్తే 18 × 23. అది డెమీ. డెమీ షీటును ఒకసారి మడిస్తే 11.5 × 18, రెండో మడతకు 9 × 11.5, మూడో మడతకు 5.75 × 9. ఎనిమిది ఆకులు, 16 పేజీలు. దాన్నే ఫారం అంటాం. తల దగ్గర, అడుగున, బయటి అంచున తలా పావు అంగుళం కత్తికి వదిలితే మిగిలేది సరిగ్గా 5.5 × 8.5. కాగితం ముక్క కూడా వృథా పోదు. రీముకు 500 డబుల్ డెమీ షీట్లు, కోశాక 1000 డెమీ షీట్లు, అంటే ఒక ఫారం వెయ్యి కాపీలు వేయడానికి ఒక రీము. వెయ్యి కాపీలు వేయడం మన ప్రచురణకర్తలకు ఆనవాయితీ కావడంలో ఈ సులువైన లెక్కకూ భాగం ఉందని నా నమ్మకం. 160 పేజీల పుస్తకమంటే పది ఫారాలు, పది రీములు, వేస్టేజీకి మరికొన్ని షీట్లు. 70 జీఎస్ఎమ్ మాప్‌లిథో కాగితం రీము బరువు 18.7 కిలోలు. కాగితం ధర కిలోల్లోనే చెబుతారు కాబట్టి, రచయిత కుర్చీలో కూర్చునేలోపే నాన్న కాగితం ఖర్చు నోటిలెక్కన చెప్పేసేవాడు.

ఈ కొలతలు మనం పెట్టుకున్నవి కావు. చేత్తో కాగితం తీసే కాలంలో షీటు ఎంతుండాలన్నది చట్రాన్ని బట్టి ఉండేది. గుజ్జు కలిపిన నీళ్ల తొట్టిలో చట్రం ముంచి, రెండు చేతులా పట్టుకుని పైకెత్తాలి. మనిషి చేతులు ఎంత బరువు మోయగలిగితే అంత షీటు. ఇటలీలోని బొలోన్యాలో 14వ శతాబ్దం చివర్లో నాలుగు కాగితం సైజుల కొలతలు రాతిపలక మీద చెక్కి నిలబెట్టారు. అన్నిటికన్నా పెద్దది 74 × 50 సెంటీమీటర్లు, చిన్నది 45 × 31.5. ఆ సైజులకు తర్వాతి వంశంలాంటివే ఇంగ్లండు కాగితాలు. క్రౌన్ కాగితంలో కిరీటం, ఫుల్‌స్కాప్‌లో విదూషకుడి టోపీ నీటిగుర్తులుగా ఉండేవి. 1799లో ఫ్రాన్సులో నికొలా లూయీ రాబేర్ ఎడతెగని కాగితం తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక చట్రం హద్దు పోయింది. కానీ పాత కొలతలు పోలేదు. అవే రెట్టింపై డబుల్ క్రౌన్, డబుల్ డెమీ అయ్యాయి. ఇంగ్లండులో అచ్చు డెమీ 17.5 × 22.5 అంగుళాలు. మన దగ్గర అది 18 × 23గా స్థిరపడింది. క్రౌన్ మాత్రం అక్కడా ఇక్కడా 15 × 20.

మద్రాసులో వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో ముద్రణాలయం పెట్టేనాటికి ప్రెస్సు, కాగితం, సైజుల పేర్లు అన్నీ ఇంగ్లండు పద్ధతివే. తర్వాత దేశీ మిల్లులు వచ్చాయి. నైజాం రాజ్యంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది, గోదావరి ఒడ్డున రాజమండ్రిలోనూ మిల్లు నడిచింది. మిల్లు మనదైనా షీటు కొలత మారలేదు. ఊళ్లో ఉన్న ట్రెడిళ్లూ సిలిండర్ మిషన్లూ ఆ కొలతలకే తయారైనవి మరి.

తొలినాళ్లలో తెలుగు పుస్తకానికి క్రౌన్‌తోనే ఎక్కువ చుట్టరికం. డబుల్ క్రౌన్ 20 × 30 షీటులోంచి 5 × 7.5 ఆకులు 16 వస్తాయి. అంచులు కోశాక 4.75 × 7, కత్తికి తక్కువ వదిలితే 7.25. లాల్చీ జేబులో పట్టే నవల అంటే అదే. పత్రికలకూ స్కూలు పుస్తకాలకూ వన్ బై ఫోర్ క్రౌన్. మా ఇంట్లో అమ్మ దాచుకున్న నవలలన్నీ వన్ బై ఎయిట్ క్రౌనే. పక్కన డెమీ పుస్తకం పెడితే పిల్లల పుస్తకాల్లా కనిపిస్తాయి. చేతికి మాత్రం అంత హాయైన సైజు మరొకటి లేదు. రైల్లో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో చదువుకోవచ్చు.

ఇక ఇంపోజింగ్. మా నాన్న పనితనమంతా అక్కడే. కంపోజిటర్లు అక్షరాలు పేర్చి గేలీలు ఇస్తారు, ప్రూఫులు దిద్దుతారు, పేజీలు కట్టి దారం చుట్టి పెడతారు. ఎనిమిది పేజీలు నున్నటి ఇంపోజింగ్ రాయి మీద పరవాలి. ఫారం బయటి వైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 పేజీలు. లోపలి వైపు 2, 3, 6, 7, 10, 11, 14, 15. పక్కపక్కన పడుకునే రెండు పేజీలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. ఒకటి పక్కన పదహారు, నాలుగు పక్కన పదమూడు, ఐదు పక్కన పన్నెండు, ఎనిమిది పక్కన తొమ్మిది. రెండు వరసల పేజీల తలలు ఎదురెదురుగా ఉండాలి. చుట్టూ చేజ్ అనే ఇనుప చట్రం బిగించి, మధ్య ఖాళీల్లో ఫర్నిచర్ చెక్కలు పెట్టి, క్వాయిన్లు అనే బిగింపులు తిప్పి గట్టి చేస్తారు. ఆ ఖాళీల్లోనే పుస్తకం అందమంతా ఉంటుందనేవాడు నాన్న. కుట్టు వైపు ఎంత వదలాలి, కత్తి వైపు ఎంత వదలాలి అన్నది చెక్క ముక్కల మందంతో తేలేది. కొత్తగా చేరిన కుర్రాడికి ముందు తెల్లకాగితం ఇచ్చి మూడు మడతలు పెట్టించి, విప్పకుండా మూల మీద 1 నుంచి 16 దాకా అంకెలు వేయించేవాడు. విప్పి చూస్తే ఏ పేజీ ఎక్కడ, ఏది తలకిందులు అన్నది కళ్లముందు ఉంటుంది. దాన్ని డమ్మీ అంటారు. నాకు తెలిసి ఇప్పటికీ దానికి మించిన పాఠం లేదు.

ఈలోగా దూరంగా ఎక్కడో మరో కొలత బయల్దేరింది. జర్మనీలో వాల్టర్ పోర్స్ట్‌మన్ రూపొందించిన ఏ4, ఏ5 వరస సైజులు 1922లో అక్కడి ప్రమాణమయ్యాయి. మనదేశం 1957లో స్వీకరించింది. ఏ4ని మధ్యకు మడిస్తే ఏ5, ఎంత మడిచినా నిడివి వెడల్పుల నిష్పత్తి మారదు. చాలా తెలివైన పద్ధతి, అందులో సందేహం లేదు. అయితే ప్రమాణం కాగితం మీద మారినంత తొందరగా వాడుక మారదు. ఆఫీసుల్లో ఫుల్‌స్కాప్ దశాబ్దాలు నడిచింది. సుప్రీంకోర్టు ఏ4కు మారింది 2020లో. పుస్తకాల కాగితం మిల్లుల నుంచి 23 × 36గానే వస్తూ ఉంది.

ఆ పరిస్థితిలో కంప్యూటర్లు వచ్చాయి. ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ 1985లో మెకింతోష్‌కు వచ్చింది, 1987లో విండోస్‌కు. 1994లో అడోబి ఆ కంపెనీని కలుపుకుంది. ఆల్డస్ అన్న పేరు వెనిస్‌లో 1501 నుంచి చేతిలో ఇమిడే ఎనిమిది ఆకుల మడత పుస్తకాలు తీసుకొచ్చిన ఆల్డస్ మనూషియస్‌ది. విజయవాడలో అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు, పేజ్‌మేకర్ ఈ మూడూ కలిసి ఒక తరానికి అన్నం పెట్టాయి. టైపు కేసుల ముందు నిలబడ్డ చేతులు కొన్ని కీబోర్డుకు మళ్లాయి, చాలా చేతులు మళ్లలేకపోయాయి. ఆ బాధ వేరే రాయాలి.

కొత్త డాక్యుమెంట్ తెరిస్తే సైజుల పట్టిక వస్తుంది. అందులో ఏ4 ఉంది, ఏ5 ఉంది, లెటర్ ఉంది, లీగల్ ఉంది. డెమీ లేదు, క్రౌన్ లేదు. కస్టమ్ ఎంచుకుని 5.5, 8.5 అని మనమే కొట్టాలి. తెలిసినవాళ్లు కొట్టారు. ప్రెస్సు గడప తొక్కకుండా నేరుగా కంప్యూటర్ నేర్చుకుని వచ్చిన పిల్లలు పట్టికలో దగ్గరగా కనిపించిన ఏ5 ఎంచుకున్నారు. చూడటానికి రెండూ ఒకటే. ఏ5 వెడల్పు 5.83 అంగుళాలు, ఎత్తు 8.27. పుస్తకం చేతిలోకి వచ్చాక ఎవరూ పోల్చుకోలేరు. కాగితం మాత్రం పోల్చుకుంటుంది. 23 అంగుళాల షీటులో నాలుగు 5.83లు పట్టవు. మూడే పడతాయి. ఒక్క షీటుకు 16 ఆకులు రావలసిన చోట 12 వస్తాయి. నాలుగో వంతు కాగితం చెత్తబుట్టలోకి.

ఒక పెద్దాయన కవితల పుస్తకం అలాగే వచ్చింది మా దగ్గరికి. 160 పేజీలు, ఏ5లో కట్టించుకుని ట్రేసింగు కాగితం మీద ప్రింట్లు కూడా తీయించుకున్నారు. ప్రెస్సులో చూస్తే ఆయన కొనిపెట్టిన పది రీముల డబుల్ డెమీ ఉంది. దారులు మూడే. షీటు మార్చి 25 × 36 కొంటే 16 ఆకులు వస్తాయి, కానీ దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ కాగితం, పైగా కొన్నది మిగిలిపోతుంది. పేజీని 94 శాతానికి కుదిస్తే వెడల్పు సరిపోతుంది, అక్షరం సన్నబడి 12 పాయింట్లది పదకొండు చిల్లర అవుతుంది. అరవై దాటిన పాఠకులకు అది కష్టం. మూడోది, మొత్తం పేజీలు తిరగకట్టడం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "తిరగకట్టమ్మా, పద్యం విరక్కుండా చూడు" అన్నారు. 5.5 అంగుళాల పేజీలో అచ్చు పడే వెడల్పు 4.25. పొడుగు పాదాలు కొన్ని మళ్లీ విరిగాయి. విరిగినచోట రెండో ముక్కను లోపలికి జరిపి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పాదం చూపించి కట్టాం.

పేజీలు సరిగ్గా కట్టినా ప్రింటరు దగ్గర ఇంకో గండం. పెద్ద పుస్తకాలకు ఇబ్బంది లేదు. ఒక్కొక్క పేజీని ఏ4 ట్రేసింగు మీద క్రాప్ మార్కులతో తీసిస్తే, పేస్టింగ్ చేసే అతను లైట్ టేబుల్ మీద అస్ట్రలాన్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి నాన్న చేసిన ఇంపోజింగే మళ్లీ చేసేవాడు. తంటా అంతా పిన్ను కొట్టే చిన్న పుస్తకాలతో. పూజా విధానం, యూనియన్ మహాసభ నివేదిక, పెళ్లిలో పంచే పాటల పుస్తకం. యాభై, వంద కాపీలు, లేజర్ ప్రింటరు మీదే తీసి మధ్యకు మడవాలి. పేజ్‌మేకర్ 6.5లో దీనికి బిల్డ్ బుక్‌లెట్ అనే ప్లగిన్ ఉంది. ఫైలును సేవ్ చేసి నడిపిస్తే పేజీలను జతలు జతలుగా పేర్చి కొత్త ఫైలు చేసిపెడుతుంది. 5.5 × 8.5 పేజీలు రెండు పక్కపక్కన అంటే 11 × 8.5. అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం 11.69 × 8.27. వెడల్పు మిగిలింది, ఎత్తు పావు అంగుళం చాలలేదు. పైగా ప్రింటరు అంచుల దాకా అచ్చు వేయదు. పేజీ నంబరు అడుగున పెట్టిన పుస్తకమైతే నంబరే ఎగిరిపోతుంది.

రిడ్యూస్ టు ఫిట్ నొక్కితే పేజీ కుదించుకుని పడుతుంది, ప్రూఫుకు చాలు. అసలు కాపీకి అది కుదరదు, సైజు మారిపోతుంది. లీగల్ కాగితం 8.5 × 14 పెడితే ఎత్తు సరిగ్గా సరిపోతుంది, పొడవులో మూడు అంగుళాలు కోసేయాలి. మేం చాలాకాలం ఆ దారే పట్టాం. ఇంకొందరు పెద్ద కాగితాన్ని కావలసిన కొలతకు కోయించి ట్రేలో పెట్టేవారు. అప్పుడు విండోస్ అడ్డం తిరిగేది. పేజ్‌మేకర్‌లో కస్టమ్ కొలత కొట్టినా, ప్రింటరు డ్రైవరుకు ఆ కొలత తెలియకపోతే నిశ్శబ్దంగా ఏ4కు వెళ్లిపోతుంది. పేజీ ఒక మూలకు జరిగి పడుతుంది. తప్పు పేజ్‌మేకర్‌దని అందరూ అక్కడే వెతికేవారు. మందు వేరేచోట ఉంది. విండోస్ 2000లో, ఎక్స్‌పీలో ప్రింటర్ల ఫోల్డరు తెరిచి, ఫైల్ మెనూలో సర్వర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఆ కొలతతో కొత్త ఫారం, అంటే విండోస్ భాషలో కాగితం సైజు, సృష్టించి పేరు పెట్టాలి. అప్పుడే డ్రైవరు దాన్ని తన పట్టికలో చూపిస్తుంది. విండోస్ 98లో అయితే డ్రైవరు లోపలే కస్టమ్ ఉండేది, కొన్నిటిలో మిల్లీమీటరులో పదో వంతుల్లో కొట్టాలి. ఒకసారి డెమీ జతను 2794 × 2159 అని కొట్టిపెట్టుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మా షాపులో ఆ అంకెలు గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేవి.

రెండు వైపులా అచ్చు వేసే ప్రింటర్లు వచ్చాక మరో చిక్కు. కాగితాన్ని పొట్టి అంచు మీద తిప్పాలి. పొడుగు అంచు మీద తిప్పితే వెనక పేజీలు తలకిందులు. పేజీలు నాలుగుతో భాగింపబడకపోతే చివర తెల్లపేజీలు వస్తాయి, వాటిని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి. లావు పుస్తకం అయితే క్రీప్. 64 పేజీలంటే 16 షీట్లు ఒకదానిలో ఒకటి దూర్చి మడుస్తాం. లోపలి షీట్లు బయటికి తోసుకొస్తాయి. 70 జీఎస్ఎమ్ కాగితానికి నట్టనడిమి షీటు మిల్లీమీటరున్నర దాకా బయటికొస్తుంది. కత్తి వేస్తే మధ్య పేజీల బయటి మార్జిన్ అంతమేరా పోతుంది. నాన్న అయితే లోపలి పేజీలకు ఫర్నిచర్ చెక్క పలచనిది వేసి దీన్ని సరిచేసేవాడు. ప్లగిన్‌లో క్రీప్ గడి ఉంది. చాలామంది దాన్ని సున్నా దగ్గరే వదిలేసేవారు, అదెందుకో వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబి దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. మనవాళ్లు మాత్రం ఏళ్లతరబడి వదల్లేదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ అక్షరాలు తిన్నగా కూడటానికి 2012లో సీఎస్6 దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్‌డిజైన్ సైజుల పట్టికలో లెటర్ హాఫ్ అని ఒకటి ఉంటుంది. అమెరికా వాళ్ల లెటర్ కాగితం 8.5 × 11లో సగం, అంటే 5.5 × 8.5. మన డెమీ పుస్తకం కత్తి పడ్డాక మిగిలే కొలతే, మరో దారిన వచ్చి కలిసింది. అమెరికాలో ఉన్న తెలుగు రచయితలు అమెజాన్ వాళ్ల కేడీపీలో పుస్తకం వేసుకునేటప్పుడు కూడా 5.5 × 8.5 సిద్ధంగా ఉంటుంది. అంచు నుంచి అంచు దాకా బొమ్మ పరిచే పేజీలైతే 5.625 × 8.75గా కట్టాలి. వాళ్లు పంపే ఫైళ్లు ఇక్కడి ప్రెస్సుకూ తేలిగ్గా పనికొస్తాయి.

ఇప్పుడు వంద, రెండొందల కాపీలు డిజిటల్ మిషన్ల మీద వేస్తున్నారు. అక్కడ షీటు 12 × 18 లేదా 13 × 19. దానిలో ఒక్కో వైపు డెమీ పేజీలు నాలుగు పడతాయి, ఏ5 పేజీలూ నాలుగు పడతాయి. కాగితం నష్టం అన్న కారణం పోయింది. అయినా వన్ బై ఎయిట్ డెమీ నిలిచే ఉంది, పాత పుస్తకాల పక్కన అరలో సమంగా నిలబడాలని ప్రచురణకర్తలు కోరుకోవడం వల్ల. పోయింది క్రౌన్. పాత నవలలను తిరిగి వేసేవాళ్లు డెమీలోకి మార్చి, అక్షరం పెద్దది చేసి, పేజీలు తగ్గించి వేస్తున్నారు. పెద్దవాళ్ల కళ్లకు అది మంచిదే. ఆ జేబు నవల పట్టుకున్న అనుభవం మాత్రం ఇప్పటి పిల్లలకు లేదు. ఎవరైనా ఒక్కరు ధైర్యం చేసి మళ్లీ క్రౌన్‌లో మంచి నవల వేయాలని నా కోరిక.

క్రౌన్ నుంచి డెమీకి ఈ మార్పు ఎప్పుడు జరిగిందో తేల్చడానికి ఒక దారి ఉంది. లైబ్రరీ కేటలాగుల్లో పుస్తకం ఎత్తు సెంటీమీటర్లలో రాస్తారు, చిల్లర ఉంటే పై అంకెకు లెక్కవేస్తారు. ఆ లెక్కన వన్ బై ఎయిట్ డెమీకి 22 వస్తుంది, ఏ5కి 21, వన్ బై ఎయిట్ క్రౌన్‌కు 18 లేదా 19. 1962 నుంచి పీఎల్ 480 అనే అమెరికా ప్రభుత్వ పథకం కింద మన పుస్తకాలు అమెరికా లైబ్రరీలకు వెళ్లాయి, వాటి వివరాలు అక్కడి కేటలాగుల్లో ఉన్నాయి. ఏ ప్రచురణకర్త ఏ ఏడు క్రౌన్ వదిలి డెమీకి వచ్చాడో, ఏ5 ఎప్పటి నుంచి కనిపిస్తోందో ఆ అంకెల వెంట వెళితే తేలుతుంది. తెలుగు ముద్రణ మీద పరిశోధన చేసే విద్యార్థి ఎవరైనా పూనుకుంటే, ఫారాల లెక్క దగ్గర కూర్చుని సాయం చేయడానికి నేను సిద్ధం.